హెడ్‌ఫోన్లలో ‘టప్’ చప్పుడు: మదర్‌బోర్డు మార్చాలన్న ఎస్టిమేట్‌పై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: ఆడియో పవర్ సేవింగ్ వల్ల వస్తున్న చప్పుడుకు బోర్డు మార్పిడి ఖర్చు అడగడం గురించి.

అయ్యా,

మీ ల్యాప్‌టాప్ 3.5 ఎంఎం జాక్‌కు హెడ్‌ఫోన్లు పెట్టి ఏదైనా వింటే, అది ఆగిన కాసేపటికి చెవిలో ‘టప్’మంటుంది. వెంటనే సన్నగా ‘స్స్’ మొదలవుతుంది. మౌస్ కదిపితే అందులో గరగర కూడా కలుస్తుంది. మళ్లీ ప్లే చేయగానే ఇంకో ‘టప్’, మొదటి అక్షరం గల్లంతు. వాయిస్ మెసేజ్‌లో ‘నమస్కారమండీ’ కాస్తా ‘మస్కారమండీ’ అవుతుంది.

మీ సర్వీస్ సెంటర్ జాబ్ షీట్‌లో ‘జాక్ ఫాల్ట్, మదర్‌బోర్డు మార్చాలి’ అని రాసి, వారంటీ దాటింది కాబట్టి డబ్బు కట్టమంటోంది. జాక్‌లో లోపమైతే ప్లగ్ కదిపినప్పుడు చప్పుడు మారాలి. ఇక్కడ మారడం లేదు. చార్జర్ తీసేసినా పోవడం లేదు కాబట్టి ఎర్తింగ్ సమస్యా కాదు. వెనకాల నిశ్శబ్దంగా ఉండే ఆడియో ఫైల్ ఒకటి ఆగకుండా నడుస్తున్నంతసేపు మాత్రం ‘టప్’ లేదు, ‘స్స్’ లేదు. యూఎస్‌బీ హెడ్‌సెట్‌తో కూడా రాదు, దాని సౌండ్ చిప్ దానిలోనే ఉంటుంది కనుక.

శబ్దం ఆగాక డ్రైవర్ (సౌండ్ చిప్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) ఆడియో కోడెక్‌ను, అంటే బోర్డు మీది సౌండ్ చిప్‌ను డీ3 స్థితికి, అంటే నిద్రలోకి పంపుతుంది. ముందుగా అవుట్‌పుట్‌ను మ్యూట్ చేయకుండా యాంప్లిఫయర్‌కు కరెంటు ఆపితే, వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి దిగి ‘టప్’గా వినిపిస్తుంది. లేచేటప్పుడూ అంతే.

దీన్ని మీ ఇంజినీర్లు పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. విండోస్ సెట్టింగులన్నీ దాచి ఉంచే రిజిస్ట్రీలో ఆడియో డ్రైవర్ క్లాస్ కింద ‘పవర్‌సెట్టింగ్స్’ కీ ఉంటుంది. ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోవాలి. శబ్దం ఆగిన ఎంతసేపటికి కోడెక్ నిద్రపోవాలో చెప్పే విలువలు అందులో రెండున్నాయి, సున్నా పెడితే నిద్రపోదు: ‘పెర్ఫార్మెన్స్‌ఐడిల్‌టైమ్’ చార్జర్ మీద నడిచేటప్పటిది, ‘కన్సర్వేషన్‌ఐడిల్‌టైమ్’ బ్యాటరీ మీద నడిచేటప్పటిది. మొదటిదాన్ని మాత్రమే సున్నా చేసి రీస్టార్ట్ చేస్తే, చార్జర్ ఉన్నంతసేపు చప్పుడు లేదు, తీయగానే మళ్లీ వచ్చింది. రెండూ సున్నా చేస్తే పూర్తిగా పోయింది. లినక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి ఇంటెల్ హెచ్‌డీ ఆడియో మాడ్యూల్‌లో ‘పవర్ సేవ్’ (నిద్రకు ముందు ఆగే సెకన్లు) విలువ 10 పెడితే పది సెకన్లకు, 1 పెడితే సెకనుకే ‘టప్’మంది, 0 పెడితే లేదు. పాడైన జాక్ ఇలా సెకన్లు లెక్కపెట్టి మోగుతుందా?

పోనీ తప్పు బోర్డు డిజైన్‌లోనే ఉందనుకున్నా, మీరు వేసే కొత్త బోర్డూ అదే మోడల్, దాని మీద నడిచేదీ అదే డ్రైవర్. డబ్బు పోతుంది, చప్పుడు ఉంటుంది.

రిజిస్ట్రీ మార్పు శాశ్వత పరిష్కారం కాదు. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ అయితే ఆ విలువలు మొదటికొస్తాయి. పైగా రిజిస్ట్రీ జోలికి వెళ్లమని మామూలు వినియోగదారులకు చెప్పడం సబబు కాదు. కాబట్టి ఎస్టిమేట్ రద్దు చేసి, జాబ్ షీట్‌లో అసలు కారణం రాయించండి. నిద్రకు ముందు మ్యూట్ చేసే డ్రైవర్‌నో, ఈ పవర్ సేవింగ్‌ను ఆపుకునే స్విచ్‌నో అప్‌డేట్‌లో ఇవ్వండి. చార్జర్ మీద ఉన్నప్పుడు బ్యాటరీ ఆదా అన్న మాటే లేదు కాబట్టి, కనీసం అప్పుడైనా డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంచండి.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం.

జతపరిచినవి: జాబ్ షీట్ నకలు, ఎస్టిమేట్, మార్పుకు ముందూ తర్వాతా హెడ్‌ఫోన్ అవుట్‌పుట్ రికార్డింగులు.

ఇట్లు,
వినియోగదారుడు