ప్రవర్తన సరే, చేసిన పని ఏమిటో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

భీమవరం దగ్గర ఒక రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో ఇరవై రెండేళ్ల పాటు సిబ్బంది వ్యవహారాలు చూసి నిరుడు విరమణ చేసినవాణ్ణి. ఆ కాలంలో నా చేతుల మీదుగా కొన్ని వందల అనుభవ ధ్రువపత్రాలు వెళ్లాయి. అన్నింటికీ ఒకే నమూనా వాడేవాణ్ణి. పేరు, హోదా, చేరిన తేదీ, మానిన తేదీ, ఆ కింద 'వీరి ప్రవర్తన సంతృప్తికరం, వీరికి ఉజ్జ్వల భవిష్యత్తు కలగాలని కోరుతున్నాము' అన్న వాక్యం. ఖాళీలు పూరించి, యజమాని చేత సంతకం పెట్టించి, రబ్బరు ముద్ర కొట్టి ఇచ్చేసేవాణ్ణి. ఆ కాగితం వల్ల ఎవరికైనా నష్టం జరుగుతుందన్న ఆలోచన నాకు ఏనాడూ రాలేదు. జరుగుతుందని ఇప్పుడు కళ్లారా చూశాను గనుకనే ఈ లేఖ రాస్తున్నాను.

మా ప్లాంటు ల్యాబులో రెండేళ్ల నాలుగు నెలలు పనిచేసిన అమ్మాయి గత నెలలో ఫైలు పట్టుకుని మా ఇంటికి వచ్చింది. కెనడాలో శాశ్వత నివాసం కోసం, పాయింట్లను బట్టి అభ్యర్థులను పిలిచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో, నిపుణ కార్మికుల విభాగం కింద ఆమెకు దరఖాస్తు ఆహ్వానం అందింది. అది అందిన నాటి నుంచి 60 రోజుల్లోగా పత్రాలన్నీ సమర్పించాలి. నేను ఇచ్చిన కాగితాన్ని బల్ల మీద పెట్టి, "బాబాయిగారూ, నేను ఇన్నాళ్లు ఏం పని చేశానో ఇందులో ఎక్కడుందండీ?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. హోదా ఉన్నచోట 'క్యూసీ అసిస్టెంట్' (నాణ్యత పరీక్షల సహాయకురాలు) అన్న రెండు మాటలున్నాయి, అంతకు మించి ఏమీ లేదు.

ఆ అమ్మాయి చేసిన పని నాకు బాగా తెలుసు. చెరువుల నుంచి సరుకు లారీ దిగగానే నమూనా తీసి, ఎలీసా అనే ల్యాబు పరీక్ష పద్ధతిలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి యాంటీబయాటిక్ అవశేషాలు ఉన్నాయేమో పరీక్షించేది. సాల్మొనెల్లా, ఈ.కోలై బ్యాక్టీరియా పరీక్షలకు ప్లేట్లు పోసి, ఇంక్యుబేటరులో పెట్టి, మర్నాడు లెక్క తీసేది. రొయ్యలు కడిగే నీళ్లలో క్లోరిన్ ఎంతుందో, బ్లాస్ట్ ఫ్రీజరులో ఉష్ణోగ్రత ఎంతకు దిగిందో చూసి రిజిస్టరులో రాసి సంతకం చేసేది. ఆమె కాగితం మీద ఫలితం రాసిస్తే తప్ప కంటైనరు గేటు దాటేది కాదు. ఇంత పనినీ 'అసిస్టెంట్' అన్న మాట కింద నేనే మూసేశాను. దూరదేశంలో కూర్చుని ఫైలు చూసే అధికారికి ఆ మాట టీ కప్పులు అందించే పనిలా కనిపించినా ఆయనను తప్పు పట్టలేను.

ఆ దేశం అడుగుతున్నదేమిటో ఆమె నాకు వివరంగా చూపించింది. పత్రం సంస్థ లెటర్‌హెడ్ మీద ఉండాలి. సంస్థ చిరునామా, ఫోను, ఈమెయిలు, పై అధికారి లేదా సిబ్బంది అధికారి పేరు, హోదా, సంతకం ఉండాలి. అభ్యర్థి నిర్వహించిన ప్రతి హోదా, ఒక్కోదానికి తేదీలు, చేసిన విధులు, వారానికి ఎన్ని గంటలు, ఏడాదికి జీతం ఎంత, ఇతర సదుపాయాలు ఏమిటి అన్నవి ఉండాలి. వీటన్నింటిలోనూ ప్రాణం విధుల దగ్గరే ఉంది. అక్కడ ఉద్యోగాలన్నింటినీ 2021 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణ ప్రకారం సంకేత సంఖ్యలతో విభజించారు, ఆమె పనికి సరిపోయేది 22110, అంటే జీవశాస్త్ర సాంకేతిక నిపుణుల విభాగం. ఆ సంఖ్య కింద రాసిన ప్రధాన విధుల్లో చాలా వాటిని తాను నిజంగా చేసినట్టు పత్రం చెప్పాలి. హోదా పేరు ఎంత గొప్పగా ఉన్నా విధులు సరిపోకపోతే ఆ అనుభవం లెక్కలోకి రాదు, హోదా చిన్నదైనా విధులు సరిపోతే వస్తుంది.

ఇందులో లెక్క కూడా ఉంది. గత పదేళ్లలో కనీసం ఒక ఏడాది పాటు ఎడతెగకుండా, వారానికి 30 గంటల చొప్పున, అంటే 1,560 గంటలు నిపుణ ఉద్యోగం చేసి ఉంటేనే ఆ విభాగంలో అర్హత. నూరింటికి 67 పాయింట్లు రావాలి. ఒక ఏడాది అనుభవానికి 9, రెండు మూడేళ్లకు 11, నాలుగైదేళ్లకు 13, ఆరేళ్లు దాటితే 15 పాయింట్లు. ఆ తర్వాత అభ్యర్థుల ర్యాంకును నిర్ణయించే లెక్కలోనైతే తేడా ఇంకా ఎక్కువ. ఆంగ్ల పరీక్షలో ఉన్నత స్థాయి సాధించినవారికి విదేశీ అనుభవం ఒకటి రెండేళ్లుంటే 25 పాయింట్లు, మూడేళ్లు దాటితే 50. మా ప్లాంటు తర్వాత ఆమె కాకినాడ వైపు మరో ప్లాంటులో ఏడాది పది నెలలు పనిచేసింది. ఆ రెండూ కలిస్తేనే నాలుగేళ్లు దాటుతాయి. రెండోది రుజువు కాకపోతే ఏ పాయింట్లు చూసి ఆహ్వానం పంపారో ఆ పాయింట్లే నిలబడవు, దరఖాస్తు తిరస్కరణకు గురవుతుంది.

మా ప్లాంటు పత్రాన్ని తిరగరాయడానికి ఇప్పటి యాజమాన్యం ఒప్పుకుంది. ల్యాబు ఇన్‌ఛార్జితో, ఆ అమ్మాయితో కలిసి నేను రెండు మధ్యాహ్నాలు కూర్చున్నాను. వర్గీకరణలోని విధులను ఉన్నవి ఉన్నట్టుగా ఎక్కించేద్దామని ఎవరో సలహా ఇచ్చారు గానీ నేను వద్దన్నాను. అలా ఎత్తి రాసిన పత్రాలను అధికారులు అనుమానంగా చూస్తారు, చూడాలి కూడా. పాత రిజిస్టర్లు తీయించి, ఆమె చేతిరాతతో ఉన్న పేజీలు తిరగేసి, ఏ పరీక్షలు చేసిందో, ఏ పరికరం వాడిందో, ఎవరికి జవాబుదారీగా ఉండేదో మా మాటల్లోనే రాశాం. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఆరు రోజులు గనుక వారానికి 48 గంటలని రాశాం. పత్రం ఒకటిన్నర పేజీ వచ్చింది. ఇన్‌ఛార్జి సంతకం చేస్తూ, తన సొంత పత్రం కూడా ఇలాగే రాయించుకోవాలని అన్నాడు.

అక్కడితో చిక్కులు తీరలేదు. పత్రంలో రాసిన జీతానికి, పీఎఫ్ పాస్‌బుక్కులో కనిపించే జీతానికి పొంతన కుదరలేదు. 2014 నుంచి పీఎఫ్ చందాకు నెల జీతం పరిమితి 15,000 రూపాయలు కావడం వల్ల చాలా సంస్థలు అంతకే చందా కడతాయి. ఆ సంగతి ఒక వాక్యంలో పత్రంలోనే వివరించాం. ఉద్యోగంలో చేరిన తేదీ ఒకటైతే పీఎఫ్‌లో నమోదైన తేదీ మూడు నెలల తర్వాత ఉంది. ఆ మూడు నెలలకు బ్యాంకు స్టేట్‌మెంటును, పే స్లిప్పులను జతచేశాం. మన ప్రాంతంలో సర్వసాధారణమైన పేరు చిక్కు మరొకటి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటే మా రికార్డుల్లో ఒక్క అక్షరమే ఉంది. ఇలాంటివి ఉద్యోగంలో ఉండగా సరిదిద్దుకోవడం ఒక పూట పని, మానేసిన తర్వాత నెలల తరబడి తిరగాల్సి వస్తుంది. ఆదాయపు పన్ను కోతను చూపే ఫారం 16, నియామక పత్రం, జీతం పెంచినప్పుడు ఇచ్చిన కాగితం, ఆఖరికి ఈఎస్ఐ కార్డు కూడా దాచుకోమని ఉద్యోగంలో ఉన్న పిల్లలందరికీ చెబుతున్నాను.

అసలు బాధ రెండో ప్లాంటు దగ్గర ఉంది. ఆ సంస్థ పేరు రాయడం నా ఉద్దేశం కాదు. ఆమె మూడుసార్లు వెళ్లింది. "రాసిస్తే మిగతావాళ్లందరూ వచ్చి అడుగుతారమ్మా" అన్నారట. ఈ మాట వెనుక ఉన్న భయాలు నాకు తెలుసు, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణే. ఉన్న పనివాళ్లు విదేశాలకు వెళ్లిపోతారన్నది ఒక భయం. జీతంలో కొంత బ్యాంకులో వేసి, కొంత నగదుగా చేతికిచ్చే అలవాటు ఉన్నచోట, నిజమైన జీతం కాగితం మీద రాస్తే ఎవరు అడుగుతారోనన్నది రెండో భయం. మొదటిదానికి నా సమాధానం, వెళ్లదలచిన మనిషి కాగితం ఇవ్వనంత మాత్రాన ఆగడు, ఉండదలచిన మనిషి ఇచ్చినంత మాత్రాన వెళ్లిపోడు. రెండోది యాజమాన్యం చేసుకున్న పొరపాటు. దాని బరువు పనిచేసిన పిల్ల నెత్తిన పడటం న్యాయం కాదు.

ఇలా తలుపులు మూసుకుపోయినప్పుడే దొంగ పత్రాలు అమ్మేవాళ్లు తయారవుతారు. లెటర్‌హెడ్, ముద్ర, ఫోను ఎత్తి జవాబు చెప్పే మనిషితో సహా కొంత సొమ్ముకు అన్నీ సమకూరుస్తామని ఆ అమ్మాయితోనూ ఒకరు అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. అబద్ధపు పత్రం పట్టుబడితే కెనడా వలస చట్టం కింద ఐదేళ్ల పాటు ఆ దేశ ప్రవేశానికి అనర్హులవుతారు. నిజంగా చేసిన పనికి రుజువు దొరకనివాళ్లకే ఆ బేరం ఎక్కువగా ఆశ పుట్టిస్తుందన్నది నన్ను కలవరపెడుతున్న సంగతి. యజమాని నిజంగానే ఇవ్వకపోతే, అడిగినట్టు రుజువుగా ఈమెయిళ్లు, అక్కడ కలిసి పనిచేసిన పై అధికారి సంతకంతో వాంగ్మూలం, దానికి తోడు జీతం రికార్డులు, ఎందుకు ఇవ్వలేకపోయారో వివరించే లేఖ పెట్టుకోవచ్చు. అయితే వాటిని అంగీకరించడం అధికారి విచక్షణ మీద ఆధారపడి ఉంటుంది.

చెరువుల మీద తిరుగుతూ రైతులకు సలహాలిచ్చే ఆక్వా కన్సల్టెంట్లది ఇంకో తీరు. వారు స్వయం ఉపాధి కిందికి వస్తారు. నేను ఈ పని చేశానని తమంతట తాము రాసుకున్న అఫిడవిట్ చెల్లదు. ఆదాయానికి రుజువు, సేవ పొందినవారు చెల్లింపు వివరాలతో రాసిచ్చిన లేఖలు కావాలి. ఫీజు ఫోన్‌పేలోనైనా, బ్యాంకులోనైనా వేయించుకుంటే రేపు అదే సాక్ష్యం. కోనసీమ నుంచి గల్ఫ్ వెళ్లి వచ్చినవారైతే పాత పాస్‌పోర్టులను, ఒప్పంద పత్రాలను పారేయవద్దు.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక స్మృతులు (లేబర్ కోడ్‌లు) నియామక పత్రాన్ని తప్పనిసరి చేశాయి. చేరేటప్పుడు హోదా రాసివ్వక తప్పనప్పుడు, మానేటప్పుడు చేసిన పని రాసివ్వడానికి ఎందుకు వెనకాడాలి? తాడేపల్లిగూడెం, మండపేట రైసు మిల్లుల యజమానులను, హేచరీల వారిని, ప్రాసెసింగ్ ప్లాంట్ల వారిని నేను కోరేది ఒక్కటే. పాత నమూనాలో 'నిర్వహించిన విధులు' అని ఒక పేరా చేర్చండి, ఆ పేరాను ఆఫీసులో కూర్చున్న నాలాంటివాడితో కాకుండా ఆ పని చేయించిన మేస్త్రీతోనో, ఇన్‌ఛార్జితోనో రాయించండి. లెటర్‌హెడ్ మీద ఉన్న ఫోను మోగితే ఎత్తే మనిషి ఉండేలా చూడండి, ఎందుకంటే అక్కడి నుంచి వాకబు చేయడానికి ఫోను రావచ్చు.

ఈ లేఖ రాస్తున్న నాటికి ఆ అమ్మాయి గడువులో పంతొమ్మిది రోజులు మిగిలాయి. రెండో ప్లాంటు యజమాని మీ పత్రికను రోజూ చదువుతారని నాకు తెలుసు. ఆమె చేసిన పరీక్షల రిజిస్టర్లు వారి ల్యాబు అలమరలోనే ఉన్నాయి. పత్రం ముసాయిదా రాసిపెట్టడానికి నేను వచ్చి కూర్చుంటాను, వారు చదివి, నిజమనిపిస్తే సంతకం చేస్తే చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉద్యోగి,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా.