మంత్రిగారూ, మా టమాటా ఒరుగులకు ఒక అడ్రస్ ఇప్పించండి

గౌరవనీయులైన విద్య, ఐటీ శాఖల మంత్రిగారికి,

నమస్కారం. రాయలసీమలోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో బీటెక్ చివరి ఏడాది చదువుతున్నాను. దాని పేరు రాయడం లేదు, నా మెమోలు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి. ఇది నా నాలుగో అర్జీ. ముందు పెట్టిన మూడింటిలో ఒకదానికే జవాబొచ్చింది: ‘మీ సమస్య పరిష్కారమైంది’ అని ఫోనుకు మెసేజ్. ఆ సంగతి మాకే తెలియదు.

మేం ముగ్గురం. మదనపల్లె యార్డులో రేటు పడిపోయినప్పుడు టమాటా కొని, మేమే చేసుకున్న సోలార్ డ్రయ్యర్‌లో ఎండబెట్టి ఒరుగులు, పొడి చేస్తాం. 20 కిలోలు ఎండితే కిలో వస్తుంది. సరుకు బాగుందన్న కిరాణా కొట్టాయనే ‘ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేకుండా పెడితే కేసు నా మీద పడుతుంది తల్లీ’ అని ప్యాకెట్లు వెనక్కిచ్చాడు. ఆహార భద్రత సంస్థ ఇచ్చే ఆ రిజిస్ట్రేషన్‌కు ఏడాదికి 100 రూపాయలు. వంద ఉంది సార్, అడ్రసే లేదు.

హాస్టల్ అడ్రస్ కుదరదన్నారు. బయట గది చూస్తే, వ్యాపారం అనగానే మీటరు కమర్షియల్‌కు మారుస్తారని ఓనరు భయపడ్డాడు. విద్యార్థులు అనుమతి తీసుకుని సంస్థ అడ్రస్‌తో కంపెనీ రిజిస్టర్ చేసుకోవచ్చని 2019 నాటి జాతీయ ఇన్నోవేషన్, స్టార్టప్ పాలసీలోనే ఉంది. తమరికి నేను చెప్పాలా!

ఎన్‌వోసీ (యూనివర్సిటీ అడ్రస్ వాడుకోవడానికి అభ్యంతరం లేదనే పత్రం) కోసం ఫిబ్రవరిలో ఫైలు పెట్టాం. ఇన్నోవేషన్ సెల్ సార్ సంతకం చేశారు. పై ఆఫీసులో లీగల్ ఒపీనియన్ కావాలన్నారు. అది వచ్చేసరికి అడ్రస్ రుజువుగా జతచేసిన యూనివర్సిటీ కరెంటు బిల్లు పాతబడింది. రెండు నెలలు దాటిన బిల్లు కంపెనీ రిజిస్ట్రేషన్‌కు పనికిరాదు. కొత్త బిల్లుకు ఇంజనీరింగ్ సెక్షన్‌కు వెళ్తే ఫైలు చూపించమన్నారు. ఫైలు అడిగితే బిల్లు తెమ్మన్నారు. ఎలాగో రెండూ కలిపితే, మళ్లీ మొదటి టేబుల్ నుంచి రావాలన్నారు. ఇలా మూడు బిల్లులు పాతబడ్డాయి. మధ్యలో పెద్ద సారు మారారు, కొత్తాయన ఫైలు మొదటినుంచీ చదువుతున్నారట. ఒక క్లర్కుగారైతే ‘టమాటాలు అమ్ముకోడానికి యూనివర్సిటీ అడ్రస్ దేనికమ్మా, ఉద్యోగం చూసుకో’ అన్నారు. ఆయన్నేమనను, మా నాన్న కూడా అదే మాట.

ఈవెంట్లకు మాత్రం లోటు లేదు. ఐడియాథాన్, హ్యాకథాన్, బూట్‌క్యాంప్, జనవరి 16 వస్తే స్టార్టప్ డే. పిలిచినప్పుడల్లా ఒరుగుల సీసా పట్టుకుని స్టేజీ ఎక్కాం. ముఖ్య అతిథులు రుచి చూశారు, ఫొటో దిగారు, ‘ఉద్యోగాలు ఇచ్చేవాళ్లు కావాలి’ అన్నారు. 11 సర్టిఫికెట్లు వచ్చాయి, అన్నీ లామినేషన్ చేసినవే. ముసురు పట్టిన రోజుల్లో వాటిని ఫ్యాను కింద పరిచి ముక్కలు ఆరబోస్తున్నాం. నిజంగా బాగా పనికొస్తున్నాయి.

స్టార్టప్‌లకు సాయం చేయడానికి మంగళగిరిలో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ తెరిచారు, సంతోషం. కానీ కేంద్రం ఇచ్చే స్టార్టప్ ఇండియా గుర్తింపు కావాలంటే కంపెనీయో, రిజిస్టరైన భాగస్వామ్య సంస్థో ఉండాలి, దేనికైనా అడ్రస్ ఉండాలి. ఇంటికో పారిశ్రామికవేత్త అంటున్నారు కదా, మా ఇంటి తరఫున నేను సిద్ధంగానే ఉన్నాను.

మాకు నిధులొద్దు సార్. ఇంకో ఈవెంట్ అసలే వద్దు. ఇలాంటి ఫైలుకు ఇన్ని రోజులని ఒక గడువు పెట్టించండి, లేదా ఎవరితోనైనా ఒక ఫోను చేయించండి. ఎన్‌వోసీ ఇప్పించండి, అంతే. ఈ చదువు అయిపోతే మేం విద్యార్థులమే కాము, అప్పుడు అడగడానికి కూడా ఉండదు.

కొత్త బిల్లు జిరాక్స్ నిన్ననే చేతికొచ్చింది. దానికింకా 58 రోజులుంది.

ఇట్లు,
బీటెక్ చివరి సంవత్సరం విద్యార్థిని