బండి తీయనన్న డ్రైవర్‌కు దిక్కెవరు? కార్మిక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను విజయవాడలో కార్మికుల కేసులు చూసే న్యాయవాదిని. ఆటోనగర్ వైపు నుంచి నా దగ్గరికి వచ్చేవాళ్లలో లారీ డ్రైవర్లే ఎక్కువ. జీతం బాకీ పెట్టారనో, బత్తా ఎగ్గొట్టారనో, ప్రమాదంలో కాలు పోయిందనో వస్తారు. వాటికి చట్టంలో ఏదో ఒక దారి చూపించగలను. "సార్, బండి కండిషన్ బాగాలేదని తీయనన్నాను. దిగిపొమ్మన్నారు. ఇప్పుడేం చేయాలి?" అని ఎవరైనా అడిగితే మాత్రం సూటిగా జవాబు చెప్పలేకపోతున్నాను. అందుకే ఈ లేఖ.

ఒక కేసు సంగతి చెబుతాను. పేర్లు అక్కర్లేదు. పది టైర్ల లారీ. చీమకుర్తిలో గ్రానైట్ రాయి ఎక్కించుకుని కృష్ణపట్నం పోర్టుకు వెళ్లాలి. కాటా చీటీ మీద బండితో కలిపి 40.5 టన్నులు పడింది. ఆ బండికి చట్టం ఒప్పుకునేది 28.5 టన్నులు. 2018లో కేంద్రం యాక్సిల్ లోడు పెంచాక ఉన్న లెక్క ఇది, అంతకుముందు 25 టన్నులే. పైగా వెనక బ్రేక్ లైనర్లు అరిగిపోయి రివిట్లు డ్రమ్ముకు రాసుకుంటున్నాయి. బ్రేకులకు వెళ్లే ఎయిర్ ఎక్కడో లీకై గేజీలో ముల్లు నిలబడటం లేదు. డ్రైవర్ ఓనర్‌కు ఫోన్ చేసి "అన్నా, లైనర్లు వేయించు, రాయి కొంచెం చిన్నది పెట్టించు, లేకపోతే నావల్ల కాదు" అన్నాడు. "ఈ ఒక్క ట్రిప్పు కొట్టుకురారా, వచ్చాక చూద్దాం" అన్నాడు ఓనర్. ఇతను ఒప్పుకోలేదు. "అయితే తాళం కాటా దగ్గర ఇచ్చేసి దిగిపో, డ్రైవర్లకేం కరువు" అని వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ వచ్చింది. సాయంత్రానికి ఇంకో డ్రైవర్ వచ్చి అదే బండి తీసుకెళ్లాడు. ఏమీ కాలేదు, క్షేమంగా చేరింది. ఓనర్ దృష్టిలో అదే పెద్ద సాక్ష్యం: "చూశావా, వెళ్లొచ్చింది కదా!"

ఇప్పుడు ఆ డ్రైవర్ స్థానంలో ఉండి ఆలోచించండి. బండి తీశాడనుకుందాం. దారిలో పట్టుకుంటే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ ప్రకారం 20,000 రూపాయలు, ఆపైన ఎక్కువున్న ప్రతి టన్నుకూ 2,000. అంటే పన్నెండు టన్నులకు మొత్తం 44,000. అది ఓనర్ కట్టుకుంటాడనే అనుకుందాం, లైసెన్సు మాత్రం డ్రైవర్‌ది. గూడ్స్ బండిలో ఓవర్‌లోడ్ వేస్తే కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు రహదారి భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. బ్రేకులు పడక ఎవరి ప్రాణమైనా పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు. ఎఫ్‌ఐఆర్‌లో మొదటి పేరు డ్రైవర్‌దే. బండిలో లోపం ఉందని తెలిసీ రోడ్డెక్కించిన ఓనర్‌కు 190వ సెక్షన్ కింద పడేదెంతో తెలుసా? 1,500 రూపాయల వరకు జరిమానా. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

బండి తీస్తే నేరం, తీయకపోతే ఉద్యోగం ఊడుతుంది. తీయొద్దని చెప్పే చట్టమే, తీయనన్నవాడిని తీసేస్తే ఎందుకు నోరెత్తదు?

2024 జనవరి మొదట్లో హిట్ అండ్ రన్‌కు పదేళ్ల శిక్ష అన్నప్పుడు దేశమంతా లారీలు ఆగిపోయాయి, పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. కేంద్రం ఆ ఒక్క ఉపసెక్షన్‌ను పక్కన పెట్టింది. ఆ రెండు రోజులూ టీవీల్లో డ్రైవర్ల గురించే చర్చ. ప్రమాదం జరిగాక ఎంత శిక్ష వేయాలో అందరూ మాట్లాడారు. ప్రమాదం జరగకముందే "ఇది నడపను" అనే అధికారం డ్రైవర్‌కు ఉందా అని అడిగినవాళ్లు నాకు కనపడలేదు.

చట్టంలో అసలేమీ లేదని నేననను. ఉన్నదేమిటో, అది ఎందుకు అందడం లేదో చెబుతాను.

ఉద్యోగం నుంచి తీసేసిన కార్మికుడు ఒక్కడే అయినా, వెనక యూనియన్ లేకపోయినా, దాన్ని పారిశ్రామిక వివాదంగా లేవదీయవచ్చు. ఇది పారిశ్రామిక వివాదాల చట్టంలో 2ఎ సెక్షన్‌గా 1965లో వచ్చింది. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర రాజీ కోసం అర్జీ పెట్టాలి. అక్కడ కుదరకపోతే ట్రిబ్యునల్. కక్షతోనో, కట్టుకథ లాంటి కారణం చూపించో తీసేయడం అన్యాయమైన కార్మిక విధానం అని కోడ్ రెండో షెడ్యూల్లో స్పష్టంగా రాసి ఉంది. పాత చట్టంలో మూడేళ్ల గడువు ఉండేది, కొత్త కోడ్ దాన్ని రెండేళ్లకు కుదించింది. ఈ సంగతి నా దగ్గరికి వచ్చే డ్రైవర్లలో నూటికి తొంభై మందికి తెలియదు. "తర్వాత చూద్దాంలే" అని ఊరుకుని వచ్చినవాళ్లకు ఇకమీదట తలుపు మూసుకుపోతుంది.

నేను చెప్పిన డ్రైవర్ కూడా ఆ దారిలోనే వెళ్లాడు. లేబర్ ఆఫీసులో ఓనర్ తరఫు జవాబు రెండు వాక్యాలు: "అతను మా పర్మినెంటు డ్రైవర్ కాదు, ట్రిప్పుకు పిలిచిన స్పేర్ డ్రైవర్. తనంతట తానే బండి వదిలేసి వెళ్లాడు." అపాయింట్‌మెంట్ లెటర్ లేదు, హాజరు పుస్తకం లేదు. జీతంలో కొంత చేతికి, కొంత ఫోన్‌పేలో. ఆ ఫోన్‌పే జమలు, టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ కొట్టిన సమయాలు, వాయిస్ మెసేజ్, కాటా చీటీ ఫొటో, ఇవన్నీ పోగేసి అతను అక్కడ డ్రైవరేనని నిరూపించడానికే మా శ్రమంతా సరిపోయింది. ఎందుకు తీయనన్నాడు అన్న అసలు ప్రశ్న దాకా మేం రానేలేదు. మధ్యలో ఓనర్ మనిషి బయటకు పిలిచి "లోడు మధ్యలో వదిలేశాడని కేసు పెట్టమంటావా?" అని బెదిరించాడు. చాలామంది అక్కడితో రాజీపడి, రావాల్సిన బత్తాలో సగం తీసుకుని వెళ్లిపోతారు. ఇతనూ అదే చేశాడు. అతన్ని నేను తప్పుపట్టను. మరుసటి నెల ఇంటి అద్దె కట్టాలి కదా.

ఇక భద్రత గురించే ప్రత్యేకంగా వచ్చిన కోడ్ సంగతి. వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020. ఇందులో 14వ సెక్షన్ చదివినప్పుడు నాకు మొదట ఆశ కలిగింది. ప్రాణానికి ముప్పు ఉందని కార్మికుడికి సహేతుకమైన భయం కలిగితే యజమానికీ, ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్ అనే ప్రభుత్వ తనిఖీ అధికారికీ ఒకేసారి చెప్పవచ్చు. యజమాని నమ్మకపోయినా విషయాన్ని ఇన్‌స్పెక్టర్‌కు పంపి తీరాలి, ఆయన మాటే తుది మాట. బాగుంది. కానీ ఇన్‌స్పెక్టర్ చెప్పేదాకా పని ఆపవచ్చా? చెప్పినందుకు ఉద్యోగంలోంచి తీసేయకూడదా? ఆ రెండింటి గురించి ఆ సెక్షన్‌లో ఒక్క ముక్క లేదు. ఫ్యాక్టరీల చట్టంలో 1987లో చేర్చిన 41-హెచ్ సెక్షన్‌నే కాస్త సర్ది ఇక్కడ పెట్టారు. ఫ్యాక్టరీలో యంత్రం ఒకచోటే ఉంటుంది, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసేదాకా కదలదు. లారీ అలా కాదు. రాత్రి పదకొండింటికి మొగిలి ఘాట్ ఎక్కే ముందు డ్రైవర్ ఏ ఇన్‌స్పెక్టర్‌కు ఫోన్ చేయాలి?

ఇంకో దెబ్బ కూడా పడింది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం అయిదుగురు కార్మికులున్న సంస్థకే వర్తించేది. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితి దాంట్లోనిదే. మోటారు వాహనాల చట్టం 91వ సెక్షన్ డ్రైవర్ల పనిగంటలను ముడిపెట్టింది కూడా దానికే. ఇప్పుడు ఆ చట్టం ఈ భద్రతా కోడ్‌లో కలిసిపోయింది. కోడ్ వర్తించాలంటే పదిమంది ఉండాలి. మన రాష్ట్రంలో లారీల లోకం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక బండి, రెండు బండ్లు, మహా అయితే నాలుగు బండ్ల ఓనర్లే ఎక్కడ చూసినా. అయిదు అన్నప్పుడే వీళ్లలో చాలామంది బయట ఉండేవారు. పది అన్నాక లోపల మిగిలేదెవరు?

పనిగంటల మాట వచ్చింది కాబట్టి ఒక చిత్రం చెప్పాలి. జీఎస్టీ నిబంధనల్లో సరుకు వెంట ఉండాల్సిన ఈ-వే బిల్లుకు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తారు. కాగితానికి ఇచ్చిన ఆ తీరిక, దాన్ని జేబులో పెట్టుకుని నడిపే మనిషికి లేదు. విశాఖ నుంచి చెన్నై దాదాపు 800 కిలోమీటర్లు. ఒక్క డ్రైవర్‌తో, క్లీనర్ కూడా లేకుండా, "రేపు పొద్దుటికల్లా అన్‌లోడింగ్" అంటారు. నిద్ర వస్తోంది, పక్కకు ఆపుతానంటే అది పని ఎగ్గొట్టడం కింద లెక్క.

అమెరికాలో ఈ విషయంలో 1982లోనే చట్టం చేశారు. బండి నడపడం భద్రతా నిబంధనలకు విరుద్ధమైనా, ప్రాణాపాయమని డ్రైవర్‌కు సహేతుకంగా అనిపించినా నడపననవచ్చు. అందుకు తీసేస్తే 180 రోజుల్లోగా కార్మిక శాఖకు ఫిర్యాదు చేసుకోవచ్చు. లాయరు అక్కర్లేదు. ప్రాథమిక విచారణలో డ్రైవర్ మాట నిజమని తేలితే, అప్పీలు నడుస్తున్నా సరే అతన్ని మళ్లీ పనిలో పెట్టుకోమని ఆ శాఖే ఆదేశిస్తుంది. పోయిన జీతం ఇప్పిస్తుంది. 2009 జనవరిలో ఇలినాయ్ రాష్ట్రంలో గడ్డకట్టే చలి రాత్రి ఒక డ్రైవర్ ట్రైలర్ బ్రేకులు బిగుసుకుపోయి, క్యాబిన్‌లో హీటర్ పనిచేయక గంటల తరబడి రిపేరు మనిషి కోసం ఎదురుచూశాడు. కదలొద్దని కంపెనీ చెప్పింది. కాళ్లు మొద్దుబారిపోయాక ట్రైలర్‌ను విప్పేసి, ముందు బండిని మాత్రం తీసుకుని వెళ్లిపోయాడు. లోడు వదిలేశాడని ఉద్యోగం తీసేశారు. 2016లో అప్పీలు కోర్టు ఇద్దరు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా తీర్పిచ్చి డ్రైవర్‌నే గెలిపించింది. వ్యతిరేకించిన ఆ ఒక్క జడ్జి నీల్ గోర్సచ్ మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టుకు వెళ్లేటప్పుడు సెనేటర్లు ఈ కేసు గురించే గుచ్చి గుచ్చి అడిగారు. ఏడేళ్లు పట్టిందంటే అక్కడా అంతా సవ్యంగా ఉందని కాదు. కానీ అక్కడ కోర్టులో వాదన జరిగింది "ఆ రాత్రి అతను చేసింది చట్టం కాపాడే పనేనా" అన్నదాని మీద. మన దగ్గర "ఇతను అసలు డ్రైవరేనా" అన్న దగ్గరే బండి ఆగిపోతోంది.

మంత్రి గారూ, ఇదంతా ఢిల్లీ చేతిలో ఉందని మీ అధికారులు చెప్పవచ్చు. కానీ కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలోవి, అంటే రాష్ట్రం కూడా చట్టం చేయవచ్చు. తీసేసిన కార్మికుడు ప్రభుత్వం కేసును రిఫర్ చేసేదాకా ఆగకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలు 1987లోనే మన రాష్ట్రం సొంత సవరణతో తెచ్చుకుంది. కేంద్రం అలాంటి వీలు కల్పించింది 2010లో. ఒకప్పుడు దేశానికి దారి చూపించిన చోటు ఇది.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఓవర్‌లోడ్, బ్రేకులు, టైర్లు, లైట్లు, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) లేకపోవడం, పనిగంటలు దాటడం, వీటిలో ఏ కారణంతో డ్రైవర్ బండి తీయనన్నా అది క్రమశిక్షణ తప్పడం కిందకు రాదని రాష్ట్ర సవరణగా ఒక్క సెక్షన్ పెట్టండి. అలా చెప్పిన ఆరు నెలల్లోపు తీసేస్తే, వేరే కారణంతో తీశామని నిరూపించే భారం ఓనర్ మీద వేయండి. ఫిర్యాదు ఫోన్లో, వాయిస్ మెసేజ్‌లో చేసినా చెల్లాలి. ఫిర్యాదు అందిన రోజే దగ్గర్లోని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వెళ్లి బండి చూసి రిపోర్టు రాయాలి, ఆ కాగితం లేబర్ ఆఫీసులో సాక్ష్యం కావాలి. లేకపోతే మర్నాటికల్లా లైనర్లు కొత్తవి పడతాయి, సాక్ష్యం పాత ఇనుము కొట్టుకు చేరుతుంది. పదిమంది అన్న లెక్క రవాణా రంగానికి తీసేయండి, ఒక్క డ్రైవర్ ఉన్నా ఈ రక్షణ దక్కాలి.

అలాగని చిన్న ఓనర్ల మీదే కర్ర ఎత్తమని నేను అడగడం లేదు. ఫైనాన్స్ కిస్తీ కట్టడానికి కిందామీదా పడేవాళ్లు వాళ్లు. పన్నెండు టన్నులు అదనంగా ఎక్కించింది ఆ ఓనర్ ఒక్కడే కాదు, క్వారీ వాళ్లు పెట్టించారు, బుకింగ్ ఆఫీసు ఒప్పుకుంది. 194వ సెక్షన్‌లో నడిపినవాడితో పాటు నడిపించినవాడు కూడా ఉన్నాడు. సరుకు యజమానినీ, బుకింగ్ ఏజెంటునూ ఈ రక్షణలో పార్టీలుగా చేర్చండి. అమెరికాలో 2016 నుంచి సరుకు పంపేవాడు డ్రైవర్‌ను ఒత్తిడి చేసినా అది తప్పే. లోడింగ్ పాయింట్ దగ్గరే కాటా చీటీ పడుతుంది కాబట్టి ఎవరి చేతిలో ఎంత బరువు దాటిందో తేల్చడం కష్టమేమీ కాదు.

సవరణకు సమయం పడుతుందని తెలుసు. ఈలోపు మీ సంతకంతో అయ్యే పని ఒకటుంది. భద్రతా కోడ్ వర్తించే సంస్థల్లో ప్రతి కార్మికుడికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇవ్వాలి. లారీ డ్రైవర్ల విషయంలో దీన్ని అమలు చేయమని జిల్లా లేబర్ అధికారులకు ఒక సర్క్యులర్ ఇవ్వండి. ఆటోనగర్, చీమకుర్తి, తాడిపత్రి, విశాఖ పోర్టు గేటు, ఈ నాలుగు చోట్ల నుంచి మొదలుపెట్టమనండి. లైసెన్సుల సస్పెన్షన్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్లు రవాణా శాఖ కిందకు వస్తారు కాబట్టి ఈ లేఖ నకలు రవాణా శాఖ మంత్రి గారికి కూడా పంపుతున్నాను. కాటా చీటీలతో సహా నా దగ్గరున్న కేసుల కాగితాలు, డ్రైవర్ల పేర్లు తీసేసి, మీ ఆఫీసు ఎప్పుడు అడిగితే అప్పుడు తెచ్చి ఇస్తాను.

ఇట్లు,
ఒక కార్మిక న్యాయవాది,
విజయవాడ