నా బదులు అడిగిన అందరికీ

నిన్న సాయంత్రం రిపోర్టు వచ్చింది. నాకున్న సీలియాక్ జబ్బు ఎలా ఉందో చెప్పే రక్తపరీక్ష, టీటీజీ-ఐజీఏ, నార్మల్. పద్నాలుగు నెలల కిందట ల్యాబువాళ్లు కొలవగలిగే హద్దు కూడా దాటిపోయిన అంకె ఇప్పుడు మామూలు స్థాయికి దిగింది. 7.4 ఉన్న హిమోగ్లోబిన్ 12.6 అయింది. ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నాను. కళ్లముందు వరసగా కొన్ని మొహాలు కదిలాయి. వాళ్లకి చెప్పాల్సింది ఒక్కొక్కరికీ విడిగా కాకుండా అందరి ముందూ చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

సీలియాక్ అంటే తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉంటుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లు అది తింటే ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగు మీద తిరగబడుతుంది. పేగు లోపలి గోడ మీద సన్నటి వేళ్లలా లేచి ఉండే విల్లై అరిగిపోయి చదునవుతాయి. ఇక ఎంత తిన్నా ఐరన్, కాల్షియం, ఫోలేట్ లాంటివి ఒంటికి పట్టవు. ఇది అలర్జీ కాదు, బరువు తగ్గడానికి చేసే డైటింగ్ అసలే కాదు. ప్రపంచంలో దాదాపు నూటికి ఒకరికి ఉంటుందని అంచనా. వాళ్లలో చాలామందికి తమకి ఉన్నట్టే తెలియదు. జీవితాంతం గ్లూటెన్ ముట్టకపోవడమే ఇప్పటికి వైద్యం.

నాకు కడుపునొప్పి పెద్దగా లేదు. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. నీరసం, నోట్లో పుండ్లు, రెండు అంతస్తులు ఎక్కితే ఆయాసం. నాలుగేళ్లు ఐరన్ మాత్రలు మింగాను. చూపించుకున్న చోటల్లా ఒత్తిడి అన్నారు, సరిగ్గా తినడం లేదన్నారు. వినీ వినీ తప్పు నాదేనని నమ్మేశాను.

డాక్టరుగారూ, "ఇన్ని మాత్రలు వేసుకుంటున్నా ఐరన్ ఎందుకు పెరగడం లేదు?" అని అడిగిన మొదటి మనిషి మీరే. టీటీజీ-ఐజీఏతో పాటు, ఐజీఏ అనే యాంటీబాడీ ఒంట్లో మొత్తం ఎంతుందో కూడా చూడమని రాశారు. కొందరికి ఒంట్లో ఐజీఏ తక్కువగా ఉంటుందని, అలాంటప్పుడు జబ్బు ఉన్నా పరీక్షలో లేనట్టే కనిపిస్తుందని ఓపిగ్గా చెప్పారు. ఎవరో చెప్పిన మాట విని అప్పటికే గోధుమ మానేద్దామనుకుంటున్న నన్ను గట్టిగా ఆపారు. పరీక్షలన్నీ అయ్యేదాకా ఎప్పట్లాగే తినాలని, మధ్యలో మానేస్తే పేగు కోలుకోవడం మొదలై అసలు విషయం బయటపడదని అన్నారు. ఎండోస్కోపీలో చిన్నపేగు మొదటి భాగమైన డుయోడినమ్ నుంచి ఒక్క ముక్కతో సరిపెట్టకుండా నాలుగైదు చోట్ల నుంచి తీయించారు. ఆ రోజు మీరు ఆపకపోయి ఉంటే నేను ఇంకెన్నేళ్లు తిరిగేదాన్నో.

తిండి మానడం కష్టమే. కానీ నాకు అంతకన్నా కష్టమైంది అడగడం. ఎక్కడికి వెళ్లినా, ఎవరు ఏం పెట్టినా, ఇందులో ఏముంది, ఏ నూనెలో వేయించారు, ఏ గరిటెతో కలిపారు అని అడగాలి. అవతలివాళ్ల మొహం మారడం చూడాలి. "కొంచెం తింటే ఏమవుతుంది?" అన్న మాటకి మొదటి నుంచీ మళ్లీ చెప్పుకురావాలి. ఒక విందులో అలా చెప్పుకోలేక, ఆకలిగా లేదని అబద్ధమాడి ఇంటికొచ్చి ఏడ్చాను. అందుకే నేను నోరు తెరవకముందే నా బదులు అడిగినవాళ్లు నాకు చేసిన మేలు చిన్నది కాదు.

వెయిటింగ్ హాల్లో పరిచయమైన అక్కా, మీ పేరు రాయొద్దన్నారు, రాయను. పదకొండేళ్లుగా ఈ జబ్బుతో ఉన్న మనిషి మీరు. నేను గ్లూటెన్ మానేసి ఆరు వారాలైనా ఒంట్లో తేడా తెలియడం లేదంటే, ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చేశారు. కాఫీ కూడా వద్దని నేరుగా వంటింట్లోకి వెళ్లి "జల్లెడ ఉందా?" అని అడిగారు. శుభ్రంగా కడిగి ఆరబెట్టిన స్టీలు జల్లెడ తెచ్చిచ్చాను. మీరు సంచిలోంచి నల్ల కాగితం తీసి బల్ల మీద పరిచారు. జల్లెడ బోర్లించి, దాని అంచు మీద చెంచా కాడతో రెండు దెబ్బలు వేశారు. కాగితం మీద సన్నగా తెల్లటి పొడి రాలింది. ఇంకో రెండు దెబ్బలు. మళ్లీ రాలింది. జాలీ అంచు లోపలికి మడత పడిన చోట పాత గోధుమపిండి గట్టిపడిపోయి ఉంది. ఆ ఆరు వారాలూ నేను బియ్యప్పిండి జల్లించుకున్నది దాంతోనే.

మీరు ఒక్క మాట కూడా అనలేదు. ఆ కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో వేసి "పద, టోస్టర్ చూద్దాం" అన్నారు, అంతే.

ఆ పూట మీరు చూపించినవి ఏ కరపత్రంలోనూ అంత బాగా అర్థం కాలేదు. చెక్క గరిటెల పగుళ్లు, గీతలు పడ్డ నాన్‌స్టిక్ పెనం, బ్రెడ్ మీద రాసిన చాకు మళ్లీ ముంచిన వెన్న డబ్బా, మైదా వేసినవి వేయించిన నూనె. స్టీలు, గాజు పాత్రలు బాగా కడిగితే చాలు, పారేయక్కర్లేదని చెప్పి ఖర్చూ తగ్గించారు. పొడి పిండి కలిపితే అది గాల్లో తేలి చుట్టూ ఉన్న గిన్నెల మీద వాలుతుందని, అందుకే నా వంట అయ్యాకే ఆ పని పెట్టుకోమని మావారికి మీరే చెప్పారు. నేను చెబితే అతి జాగ్రత్త అనిపించేదేమో. మీరు చెప్పాక ఆయన మళ్లీ ప్రశ్నించలేదు. నా గిన్నెలకి విడిగా అర కొట్టి ఇచ్చింది ఆయనే.

డైటీషియన్‌గారికి నా రుణం వేరు. "గోధుమ లేదు" అని రాసి ఉంటే "గ్లూటెన్ లేదు" అని కాదని, మాల్ట్ అంటే సాధారణంగా బార్లీ అని, సోయా సాస్‌లో కూడా చాలావరకు గోధుమ ఉంటుందని పాకెట్లు ముందు పెట్టి చదివించారు. గ్లూటెన్ ఫ్రీ అని రాయాలంటే కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణం ప్రకారం గ్లూటెన్ కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదని అప్పుడే తెలిసింది. నాకు పాలు పడకపోవడానికి కారణం కూడా ఆవిడే చెప్పారు. పాలలోని చక్కెరని అరిగించే ఎంజైమ్ విల్లై కొనల మీదే ఉంటుందట. పేగు మానితే చాలామందికి పాలు మళ్లీ పడతాయని ధైర్యం చెప్పారు. నాకు ఎనిమిదో నెలకి పడ్డాయి.

నేను బాగా దిగులుగా ఉన్న ఒకరోజు ఆవిడ విల్లెం డికె గురించి చెప్పారు. నెదర్లాండ్స్‌లో పిల్లల డాక్టరు. ఈ జబ్బుకి కారణం తెలియక పసిపిల్లలు చిక్కి శల్యమై చనిపోతున్న కాలంలో, గోధుమ మీద అనుమానం వచ్చి 1930లలోనే దాన్ని పిల్లల తిండిలోంచి తీసి చూశారు. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో ఆ దేశంలో కరువు వచ్చింది. అంత కష్టకాలం గడిచాక కూడా పట్టు వదలకుండా, 1950లో గోధుమే కారణమని ఆధారాలతో సిద్ధాంత గ్రంథం రాశారు. నేను పుట్టకముందే నా బదులు అడిగిన మనిషి ఆయన. ఆయనకీ ఇక్కడే దండం పెట్టుకుంటున్నాను.

మందుల షాపు బాబాయ్‌గారూ, మాత్రల్లో కలిపే స్టార్చ్ ఎక్కువగా మొక్కజొన్నదే అయినా ఒక్కోసారి గోధుమది ఉండొచ్చని నేను నసుగుతూ చెప్పాను. మీరు విసుక్కోలేదు. కంపెనీకి ఉత్తరం రాసి, జవాబు వచ్చేదాకా వాకబు చేశారు. ఇప్పుడు కొత్త మందు వస్తే నేను అడగకముందే డబ్బా తిప్పి చదువుతున్నారు.

ఆఫీసులో నా పక్క సీటు తమ్ముడికి. ఎవరి పుట్టినరోజైనా కేకు కోయకముందే, వేరే చాకుతో పండ్లు కోసి మూత పెట్టి నా బల్ల మీద ఉంచుతాడు. ఎవరైనా "ఆవిడకెందుకు ప్రత్యేకం?" అంటే తనే ఒక్క ముక్కలో చెప్పేస్తాడు. ఏడాదిలో ఒక్కసారి కూడా నేను చెప్పుకోవాల్సి రాలేదు నాన్నా.

మా ఏడేళ్ల చిన్నది బ్రెడ్ తిన్నాక చేతులు, మూతి కడుక్కుని వచ్చి ముద్దు పెడుతుంది. ఎవరూ బలవంతపెట్టలేదు, తనే అలవాటు చేసుకుంది. దానికి పరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చింది, కానీ ముందుముందు మళ్లీ చేయించాలి. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లలు అందరూ చేయించుకోవాలని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. దగ్గర రక్తసంబంధం ఉన్నవాళ్లకి ఇది వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా చాలా ఎక్కువ.

వదినా, ఆ మాటకి అన్నయ్య "నాకేం లేదు, గుండ్రాయిలా ఉన్నాను" అని దాటేస్తుంటే, చెయ్యి పట్టుకుని ల్యాబుకి తీసుకెళ్లింది నువ్వే. నా కోసం మీ ఇంట్లో మూత మీద పేరు రాసి డబ్బా విడిగా పెట్టిందీ, ఎక్కడికి కలిసి వెళ్లినా ముందుగా వంటవాళ్ల దగ్గరికి వెళ్లి మాట్లాడి వచ్చిందీ నువ్వే. అన్నయ్యకి రక్తపరీక్షలో పాజిటివ్, ఆ తర్వాత పేగు ముక్క తీసి చూసే బయాప్సీలోనూ అదే. ఒక్క లక్షణం లేదు, కానీ ఎముకల సాంద్రత పరీక్ష చేస్తే అప్పటికే తగ్గి ఉంది. ఇప్పుడు తెలిసింది కాబట్టి సరిపోయింది.

మొన్న రాత్రి ఫోన్లో నీ గొంతు వణికింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదన్నావు. నువ్వు అడగకముందే నేను ఒకరిని అడిగాను. వచ్చే ఆదివారం అక్క మీ ఇంటికి వస్తానన్నారు. జల్లెడ కడగకుండా అలాగే ఉంచు. నల్ల కాగితం నేను తెస్తాను.