ఈసారి ఆవకాయ ఎందుకు ఆలస్యమవుతోందంటే

ముందుగా డబ్బు కట్టి ఎదురుచూస్తున్నవారికి: జాడీలు ఏప్రిల్ నెలాఖరుకి కాదు, మే 10 తర్వాతే బయల్దేరతాయి. కాయ దొరక్క కాదు. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లకు మా వల్ల అన్యాయం జరిగింది. కారానికి, నూనెకు దాచిన డబ్బు ఆ బాకీ తీర్చడానికి వెళ్లింది.

నిరుడు మార్చిలో గుంటూరు షెడ్డు గుమ్మంలో వేలిముద్రల హాజరు మిషను పెట్టించాను. హాజరు, కూలి, ఈఎస్ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) లెక్కలన్నీ దానంతటదే వేస్తుందన్నారు అమ్మినవాళ్లు. మావాళ్లవి రోజంతా మామిడికాయ కొట్టి, ఉప్పూ కారం కలిపే చేతులు. వేలి గీతలు అరిగిపోయి ఉంటాయి. ముద్ర పడని రోజల్లా మనిషి రానట్టే రాసుకుంది మిషను. శనివారం కూలి తగ్గినా అడగడానికి మొహమాటపడ్డారు. నేనూ చూసుకోలేదు.

జనవరిలో పండుమిరప పనికొచ్చిన ఒకామెకు కామెర్లు వచ్చాయి. ఈఎస్ఐలో జబ్బు రోజులకు కూలిలో 70 శాతం ఇస్తారు. దానికి నిరుటి ఏప్రిల్, సెప్టెంబర్ల మధ్య 78 రోజుల చందా ఉండాలి. ఆమె పేరున 71 రోజులే ఉన్నాయి. "నేను రాలేదని రాశారామ్మా?" అంది. ఆ రాత్రి నాకు అన్నం దిగలేదు.

ఎవరెన్ని బేసిన్ల ముక్కలు కొట్టారో మా అమ్మ రోజూ పెన్సిలుతో రాసే చిట్టా ఉంది. అది తీస్తే ఆమె వచ్చింది 86 రోజులు. తొమ్మిది మందికి కలిపి 126 రోజులు పోయాయి.

అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "వేళ్లు కడిగి పెట్టించండి మేడం, సిస్టంలో తప్పు లేదు" అన్నారు. ముఖం గుర్తుపట్టే కెమెరా సగం ధరకిస్తామన్నారు. మూడు వారాలు ఎటూ తేల్చుకోలేకపోయాను. 2025 నవంబర్ 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు, అంటే కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి, లెక్కలు కంప్యూటర్లో ఉంటేనే మేలని మా ఆడిటర్ గారు పట్టుబట్టారు. వాటిలో వేతనాల కోడ్‌ను దగ్గర కూర్చుని చదివించుకున్నాను. హాజరు పట్టీ ఉండాలంది, వేతన చీటీ ఇవ్వాలంది. మిషను ఉండాలని ఎక్కడా లేదు. రాలేదని కూలి కోయాలంటే నిజంగా రాని రోజుకే కోయాలి, వచ్చిన రోజుకు కాదు. మా షెడ్డులో కారం ఘాటుకి అందరూ ముక్కుకి గుడ్డ కట్టుకునే ఉంటారు. ఆ కెమెరా ఎవరిని గుర్తుపడుతుంది? వద్దన్నాను. మొండితనమంటే మొండితనమే.

126 రోజుల కూలీ ఇచ్చేశాం. వాటి ఈఎస్ఐ చందా వడ్డీతో కట్టి, రోజుల లెక్క సవరించమని ఈఎస్ఐ వాళ్లకు రాశాం. అది తేలేదాకా ఆమె జబ్బు రోజుల కూలి పూర్తిగా మేమే ఇస్తున్నాం. 1994 నుంచి శనివారం కూలి ఒక్క రూపాయి తగ్గలేదని అమ్మ చెప్పుకుంటుంది. ఆ మాట నా హయాంలో పోయింది. ఇంకా మింగుడుపడటం లేదు.

ఇప్పుడు పుస్తకంలో సంతకం పెట్టిస్తున్నాం, సాయంత్రం పేర్లు పైకి చదువుతున్నాం, వేతన చీటీ తెలుగులో ఇస్తున్నాం. రాత్రిళ్లు కూడా పని చేయించి ఆలస్యం పూడ్చమన్నారు కొందరు. ఎనిమిది గంటలు దాటితే రెట్టింపు కూలి, అది ఇవ్వడానికి వెనకాడను. కానీ అలసిన చేతులకు మామిడికాయ కత్తి ఇవ్వను.

ధర పెంచడం లేదు. ఆగలేనివాళ్లు చెప్పండి, అడ్వాన్సు రెండు రోజుల్లో వెనక్కి పంపిస్తాను.