టీ ట్రే పట్టుకున్న ఆమె పేరేమిటి?

సంపాదకులకు నమస్కారం.

ఈసారి మార్చి 8 ఆదివారం పడింది. అందుకని మా వరంగల్, హనుమకొండల్లో చాలా కాలేజీలు మహిళా దినోత్సవాన్ని శనివారమే కానిచ్చేశాయి. మర్నాడు జిల్లా పేజీల నిండా ఆ ఫొటోలే. 31 ఏళ్లు లైబ్రరీలో పుస్తకాలు లెక్కపెట్టి రిటైరైన మనిషిని కదా, ఫొటో చూసినా లెక్కపెట్టే అలవాటు పోలేదు. ఒక ఫొటోలో వేదిక మీద 11 మంది ఉన్నారు. ఆడవాళ్లు నలుగురు. ఇద్దరు అతిథులు, ఒకరు యాంకర్, ఇంకొకరు బొకేలు అందిస్తున్న విద్యార్థిని.

ఆ కార్యక్రమానికి నేనూ వెళ్లాను. ఏ క్యాంపసో చెప్పను. ఎక్కడైనా తంతు ఇదే కాబట్టి పేరు చెప్పి ఒకరినే నిందించడం న్యాయం కాదు. పొద్దున ముగ్గుల పోటీ, ఆ తర్వాత మ్యూజికల్ చైర్స్, మధ్యాహ్నం సన్మానం. హైదరాబాద్ నుంచి పిలిపించిన ఇద్దరికి శాలువాలు, మెమెంటోలు. ఆ ఇద్దరూ కష్టపడి పైకొచ్చినవాళ్లే, బాగా మాట్లాడారు కూడా. వాళ్ల మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు.

నా చూపు మాత్రం వెనక వరుసల మీదికి పోయింది. అక్కడ ట్రే పట్టుకుని టీ ఇస్తున్న ఆమె నాకు బాగా తెలుసు. కెమిస్ట్రీ ల్యాబ్ అటెండర్. భర్త పోయాక కారుణ్య నియామకం కింద ఉద్యోగంలోకి వచ్చింది. సంతకం పెట్టడం అప్పుడే నేర్చుకుంది. సీసాల మీద లేబుళ్లు చదవాలి కదా అని తర్వాత ఇంగ్లిష్ అక్షరాలు కూడా నేర్చుకుంది, అదీ బీఎస్సీ పిల్లల దగ్గరే. ఒకసారి ఒక అమ్మాయి చేతి మీద యాసిడ్ ఒలికితే, సార్లు పరుగెత్తుకొచ్చేలోపే ఆ పిల్లను నల్లా కిందికి లాక్కెళ్లి, ఏడుస్తున్నా వదలకుండా చాలాసేపు చేయి నీళ్ల కిందే పట్టుకుంది. ఆ చేతికి మచ్చ కూడా మిగల్లేదు. ఈ నెలాఖరున ఆమె రిటైర్మెంట్. ఉద్యోగంలో ఆమెకు ఇదే చివరి మహిళా దినోత్సవం. 'నువ్వు కూడా కూర్చోరాదూ' అన్నాను. 'ఇంకా రెండు వరుసలున్నయ్ మేడమ్' అని ముందుకు పోయింది.

ఇంటికొచ్చాక కూడా ఆ రెండు వరుసలు నన్ను వదల్లేదు. ఈ ఉత్తరం అందుకే.

లైబ్రరీలో పనిచేసినవాళ్లకు ఒక రహస్యం తెలుసు. పీహెచ్‌డీ థీసిస్‌లో అందరూ దాటేసే పేజీ ఒకటుంటుంది, అది కృతజ్ఞతల పేజీ. నేను ముందు చదివేది దాన్నే. గైడ్‌కూ శాఖాధిపతికీ నాలుగు మర్యాద వాక్యాలు అయిపోయాక అసలు మనిషి బయటికొస్తుంది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల, ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన అమ్మాయిల థీసిస్‌లలో, బీడీలు చుట్టి నన్ను చదివించిన మా అమ్మకు అనే మాట ఏదో ఒక రూపంలో ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. చాట ఒళ్లో పెట్టుకుని తునికాకు కత్తిరిస్తున్న తల్లి, ఆ పక్కనే అదే బల్బు కింద లెక్కలు చేసుకుంటున్న పిల్ల నాకు ఆ ఒక్క లైన్‌లో కనిపించేవాళ్లు. చంటిబిడ్డను మూడేళ్లు చూసుకున్న అత్తకు దండం పెట్టిన కోడలు ఒకరు. గేటు మూసే టైం దాటినా తిట్టుకుంటూనే తలుపు తీసిన హాస్టల్ వాచ్‌వుమన్‌కు పేరు పెట్టి థ్యాంక్స్ చెప్పిన అమ్మాయి ఇంకొకరు. ఒక థీసిస్‌లో మాత్రం ఆ పేజీలో ఎవరి పేరూ లేదు. వాళ్ల నాన్న చనిపోయిన తేదీ ఒక్కటే ఉంది. ఆ రోజు నేను లైబ్రరీ అరగంట ఆలస్యంగా మూశాను.

దేశంలో పీహెచ్‌డీ చేస్తున్న మహిళలు 2014-15లో దాదాపు 48 వేలు ఉండగా, 2021-22 నాటికి 99 వేలకు చేరారని కేంద్ర ప్రభుత్వ ఉన్నత విద్యా సర్వే చెబుతోంది. నాకు ఆ లెక్క అలమారాల్లోనే అర్థమైంది. నేను చేరిన కొత్తలో ఆడవాళ్ల థీసిస్‌లన్నీ కలిపి ఒక్క అరలో పట్టేవి. నేను దిగిపోయేనాటికి వాళ్ల థీసిస్ లేని అర కోసం వెతుక్కోవాల్సి వచ్చేది. ఇంతమంది వచ్చారు, చదివారు, వెళ్లారు. ఎక్కడి నుంచి వచ్చారో, ఎట్లా వచ్చారో ఆ నల్ల అట్టల మధ్య తప్ప ఇంకెక్కడా లేదు.

మన సభల్లో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది, మీరంతా రాణి రుద్రమ వారసులు అని. చప్పట్లు కొడతాం. ఆ రుద్రమ శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగపేరుతో కనిపిస్తుంది. ఆమె 1289లో చనిపోయిందని మనకు తెలిసింది నల్గొండ జిల్లా చందుపట్లలో పువ్వుల ముమ్మడి అనే ఒక సేవకుడు వేయించిన శాసనం వల్ల. అంత పెద్ద రాణి చివరి కబురు ఒక చిన్న ఊళ్లో, ఒక కొలువు మనిషి పాతించిన రాయి మీద నిలిచింది. ఆయన ఆ పని చేసి ఉండకపోతే మన ఉపన్యాసాల్లో ఆ సంవత్సరం ఉండేది కాదు.

పేర్లు పెట్టడంలో మనకేం లోటు లేదు. ములుగులోని కేంద్ర గిరిజన విశ్వవిద్యాలయానికి సమ్మక్క సారక్కల పేరు, హైదరాబాద్ కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టుకున్నాం. అందరూ పాత వరంగల్ జిల్లా ఆడబిడ్డలే, సంతోషం. కానీ ఒకటి గుర్తుచేసుకోవాలి. విసునూరు దేశ్‌ముఖ్‌తో కొట్లాడి పంట నిలబెట్టుకున్న పాలకుర్తి ఐలమ్మ 1985 దాకా బతికే ఉంది. అంటే కాకతీయ విశ్వవిద్యాలయం మొదలయ్యాక కూడా తొమ్మిదేళ్లు. పక్క ఊళ్లో ఉన్న మనిషి నోట వినగలిగిన కాలం ఒకటి ఉంటుంది, అది దాటాక బోర్డు మీద పేరే మిగులుతుంది.

పతకాల సంగతీ అంతే. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ జీవాంజి దీప్తి 2024 మేలో జపాన్‌లోని కోబెలో 400 మీటర్లను 55.07 సెకన్లలో పరుగెత్తి తన విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. ఇప్పుడు అందరికీ ఆమె మా బిడ్డ. చిన్నప్పుడు ఊళ్లో ఆమెను ఎట్లా వెక్కిరించారో తల్లిదండ్రులే చెప్పుకున్నారు. ఎవరూ పట్టించుకోని రోజుల్లో ఆమె పరుగును బడిలో మొదట గమనించింది ఒక పీఈటీ సారు. నిజామాబాద్ నిఖత్ జరీన్ 2022లో, మళ్లీ 2023లో బాక్సింగ్ ప్రపంచ విజేత అయ్యాక పిలవనివాళ్లు లేరు. గెలిచినవాళ్లకు దండ వేయడానికి మనిషి ఎప్పుడూ దొరుకుతాడు. ఆ పీఈటీ సారులా ముందే గమనించే మనిషి క్యాంపస్‌లో ఎవరున్నారన్నదే నా బెంగ.

ఇప్పుడు అసలు విన్నపం. 1976 ఆగస్టు 19న ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయానికి ఈ ఆగస్టులో 50 ఏళ్లు నిండుతాయి. 1927లో మొదలైన సుబేదారి ఆర్ట్స్ అండ్ సైన్స్ కాలేజీకి వచ్చే ఏడాది నూరేళ్లు. 1959లో మొదలైన ఎన్ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ కూడా చిన్నవేం కాదు. ఇంత వయసున్న క్యాంపస్‌లు ఒకే ఊళ్లో పెట్టుకుని, వాటిలో నడిచిన ఆడవాళ్ల కథను మనం ఒక పుస్తకంగా రాసుకోలేమా? ఒక్కో శాఖలో చేరిన మొదటి అమ్మాయి ఎవరు, ఏ ఊరి నుంచి ఏ బస్సెక్కి వచ్చింది, ఎక్కడ ఉంది. మొదటి మహిళా లెక్చరర్‌కు స్టాఫ్ రూంలో కుర్చీ దొరికిందా. (నవ్వకండి, మా కాలేజీలో ఒక మేడమ్ రెండేళ్లు లైబ్రరీలోనే కూర్చుంది.) హాస్టల్లో మొదటి వార్డెన్ ఎవరు, వంటమనిషి ఎవరు. వంటమనిషిని వదలొద్దు. పరీక్షల కాలంలో రాత్రి ఒంటిగంటకు ఏ గదిలో లైటు వెలుగుతోందో ఆమెకు తెలిసినంతగా ప్రిన్సిపాల్‌కు తెలియదు.

చదువు మధ్యలో ఆపేసినవాళ్లను కూడా రాయాలంటాను. ఈ మాట ఉత్సవాల్లో ఎవరికీ రుచించదు. ఎమ్మెస్సీ మొదటి ఏడాది టాపర్, రెండో ఏడాది సంబంధం కుదిరిందని టీసీ తీసుకుని వెళ్లిపోతుంది. లైబ్రరీ పుస్తకాలు అప్పగించి నో డ్యూస్ మీద సంతకం పెట్టించుకోవడానికి నా దగ్గరికే వచ్చేది కాబట్టి ఆ ముఖాలన్నీ చూశాను. కొందరు నవ్వుతూనే వచ్చారు, అబద్ధం ఎందుకు. కొందరు పుస్తకం బల్ల మీద పెట్టి చేయి వెంటనే తీయలేదు.

బడ్జెట్ ఎక్కడిదంటారని తెలుసు. ఒక్క ఏడాది శాలువాలు, బొకేలు, ఫ్లెక్సీలు మానుకుంటే ఒక వాయిస్ రికార్డర్ వస్తుంది. మనుషులకు కొదవా? జర్నలిజం, చరిత్ర, తెలుగు శాఖల పిల్లలు ప్రాజెక్టు కోసం టాపిక్ దొరక్క తిరుగుతుంటారు. స్త్రీల రచనలను వెతికి వరుసలో పెట్టి అంచనా కట్టడం ఎట్లాగో నేర్పిన కాత్యాయనీ విద్మహే గారు పాఠాలు చెప్పింది ఈ కాకతీయ విశ్వవిద్యాలయంలోనే. 'సాహిత్యాకాశంలో సగం' అన్న ఆమె వ్యాసాలకు 2013లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అట్లాంటి పని జరిగిన చోట ఇది చేతకాదంటే నేను నమ్మను. ఇక ముగ్గుల పోటీ అంటారా, పెట్టుకోండి, నాకూ ముగ్గులిష్టమే. పేరు రాసుకునే పని మాత్రం దాని వెనక్కి నెట్టకండి.

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. 1988 నుంచి 2019లో రిటైరయ్యేదాకా నేను చదివిన కృతజ్ఞతల పేజీల్లో మనసుకు తగిలినవి ఊరితో, సంవత్సరంతో సహా అందులో రాసుకున్నాను. మధ్యలో రెండేళ్లు మా ఆయన ఆరోగ్యం బాగాలేక ఖాళీ. ఏ శాఖ పిల్లలైనా ఈ పని మొదలుపెడితే ఆ నోట్‌బుక్ జిరాక్స్ తీసుకోవచ్చు. నా చేతిరాత అర్థం కాకపోతే పక్కన కూర్చుని చదివి వినిపిస్తాను. ముందు మాత్రం కెమిస్ట్రీ ల్యాబ్ దాకా వెళ్లిరండి. ఆమె ఈ నెల 31 వరకే అక్కడ ఉంటుంది.

– ఒక విశ్రాంత లైబ్రరీ ఉద్యోగిని, హనుమకొండ