సీసా వెల కాదు, లీటరు లెక్క చెప్పండి

సంపాదకుల వారికి నమస్కారాలు.

డీజిల్ పికప్‌లకు చవకగా దొరికే, డీజిల్‌లో కలిపే మందులైన ఇంధన ఎడిటివ్‌ల గురించి రెండు వారాల కిందట మీ వాహనాల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. ఆ రోజే రాయాలనుకున్నాను గానీ, కోపం మీద రాస్తే మాట తూలుతుందని ఆగాను. ఇన్ని రోజులు గడిచినా ఒక్క సవరణ గాని వివరణ గాని కనిపించలేదు కాబట్టి ఇక ఊరుకోలేక రాస్తున్నాను. బండి మీదే బతికేవాళ్లు అలాంటి పేజీని కత్తిరించి దాచుకుంటారన్న సంగతి రాసినవారికి తట్టినట్టు లేదు.

ఆ వ్యాసం సీసాలను వెల ప్రకారం వరుసపెట్టి, అన్నిటికన్నా తక్కువ వెల ఉన్నదాన్ని మొదట నిలబెట్టింది. అక్కడే తప్పు మొదలైంది. చూడవలసింది సీసా వెల కాదు, ఆ సీసా ఎన్ని లీటర్ల డీజిల్‌కు సరిపోతుందన్నది. పావు లీటరు సీసా మీద 200 పాళ్ల డీజిల్‌కు ఒక పాలు మందు కలపమని ఉంటే అది 50 లీటర్లతో అయిపోతుంది. లీటరు సీసా మీద 1000 పాళ్లకు ఒక పాలు అని ఉంటే అది 1000 లీటర్ల దాకా వస్తుంది. రెండోదాని వెల మొదటిదానికి నాలుగు రెట్లున్నా, లీటరు డీజిల్ మీద పడే ఖర్చు ఐదో వంతే. సగం పేజీ సీసాల ఫొటోలకు ఇచ్చినవారు ఈ లెక్కకు రెండు వాక్యాలు ఇవ్వలేకపోయారు.

వెల తరువాత అడగవలసిన ప్రశ్న, అసలు బండికి ఉన్న లోపమేమిటని. గంధకాన్ని తొలగించడానికి రిఫైనరీలో డీజిల్‌ను హైడ్రోజన్‌తో శుద్ధి చేసినప్పుడు, ఇంజిన్‌కు డీజిల్ అందించే పంపుకు సహజంగా కందెనలా పనిచేసే పదార్థాలు కూడా చాలావరకు పోతాయి. ఆ లోటు తీర్చడానికి డీజిల్ బంకుకు చేరకముందే కందెన గుణం పెంచే ఎడిటివ్ కలుపుతారు. కందెన గుణాన్ని కొలిచే పరీక్షలో లోహంపై పడే అరుగుడు మచ్చ యూరప్ ప్రమాణం ఈఎన్ 590 ప్రకారం 460 మైక్రాన్లు, అమెరికా ప్రమాణం డీ 975 ప్రకారం 520 మైక్రాన్లు దాటకూడదు. డీజిల్ ఎంత తేలిగ్గా అంటుకుంటుందో చెప్పే సీటేన్ సంఖ్య మొదటిదానిలో కనీసం 51, రెండోదానిలో 40. కాబట్టి 51 ఉన్న డీజిల్ పోయించుకునేవాడికి సీటేన్ పెంచే సీసా వల్ల కలిగే మేలు, 40 ఉన్న డీజిల్ వాడేవాడికి కలిగేంత ఉండదు. ఉదయం స్టార్టింగ్ కష్టమై, ఇంజిన్ టకటకమంటున్న బండికి సీటేన్ పెంచేది పనికిరావచ్చు. ఇంజిన్‌లోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లలో మసి పేరుకుని ఐడ్లింగ్ నిలకడ తప్పిన బండికి కావలసింది శుభ్రపరిచే డిటర్జెంట్. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "పవర్ పెరుగుతుంది" అని రాయడం పాఠకుడికి చేసిన అన్యాయం.

మందు కలిపితే మైలేజీ పెరుగుతుందని రాయడం మరీ అన్యాయం. లీటరు డీజిల్‌లో ఇంచుమించు 36 మెగాజౌళ్ల శక్తి ఉంటుంది. దానికి కలిపే ఒక్క మిల్లీలీటరు మందు కొత్తగా శక్తినేమీ తెచ్చిపెట్టదు. ఇంజెక్టర్లు మురికిపట్టి తగ్గిన మైలేజీని అది కొంతవరకు తిరిగి తేగలదేమో గానీ, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌కు లేని మైలేజీని ఇవ్వలేదు.

నీటి విషయం నా అనుభవంతోనే చెబుతాను. నా పికప్ ఫిల్టర్‌లో నీరు కనిపించినప్పుడు, "నీటిని మాయం చేస్తుంది" అని రాసి ఉన్న చవక సీసా ఒకటి తెచ్చి పోశాను. అది నీటిని మాయం చేసే మందు కాదని, సన్నటి బిందువులుగా డీజిల్‌లోనే కలిపేసే రకమని తరువాత తెలిసింది. అలా కలిసిన నీటిని వాటర్ సెపరేటర్ పట్టుకోలేదు. అది నేరుగా ఇంజెక్టర్ల దాకా పోయింది. రెండు ఇంజెక్టర్లు మార్చుకున్నాను. నీటిని విడదీసి అడుగుకు దించే రకం మందు వేరే ఉంటుంది. దాన్ని వాడి సెపరేటర్ నుంచి నీరు వదిలేస్తే సరిపోయేది. ఈ తేడాను లేబుల్ మీద రాయించే నాథుడే లేడు. సీసాలో ఏముందో చెప్పనక్కరలేకుండా ఏ గొప్పైనా అచ్చువేసుకోవచ్చన్నట్టుంది పరిస్థితి. అమెరికా పర్యావరణ సంస్థ వద్ద నమోదైనంత మాత్రాన ఆ సరుకు పనిచేస్తుందని ఆ సంస్థ ధ్రువీకరించినట్టు కాదు. అయినా ఆ నమోదునే యోగ్యతాపత్రంలా సీసాల మీద చూపిస్తే అడ్డుకోవలసిన అధికారులు ఎక్కడున్నారు?

పొగగొట్టంలో డీపీఎఫ్, అంటే మసిని పట్టే ఫిల్టర్ ఉన్న బండ్ల గురించి మీ వ్యాసంలో ఒక్క మాట లేదు. మాంగనీసు వంటి లోహాలు కలిసిన మందు కాలాక బూడిద మిగులుతుంది. మసి కాలిపోతుంది గానీ బూడిద కాలదు, ఫిల్టర్‌లో అలాగే పేరుకుంటుంది. యూరప్ 2014 నుంచి ఇంధనంలో మాంగనీసును లీటరుకు 2 మిల్లీగ్రాములకు పరిమితం చేసింది. ఇది చెప్పకపోగా, ఖర్చు తగ్గించే చిట్కా అంటూ డీజిల్‌లో కాస్త పెట్రోలు కలుపుకోమని సలహా ఇచ్చారు. ఈఎన్ 590 ప్రకారం డీజిల్ ఆవిరి 55 డిగ్రీల సెల్సియస్ లోపు అంటుకోకూడదు. పెట్రోలు ఆవిరి సున్నాకు ఎంతో దిగువన కూడా అంటుకుంటుంది. పైగా పెట్రోలుకు కందెన గుణం లేదు కాబట్టి పంపు అరిగిపోతుంది. ఇది చిట్కా ఎలా అవుతుంది?

ఇవన్నీ ఒక ఎత్తు, వ్యాసం చివరి పెట్టెలో, పొగలోని విషవాయువులను తగ్గించే ద్రవమైన ఆడ్‌బ్లూను ఇంధన ఎడిటివ్‌ల జాబితాలో చేర్చడం ఒక్కటే ఒక ఎత్తు. అది ఇంధనంలో కలిపేది కానే కాదు. 32.5 శాతం యూరియా, మిగతాది శుద్ధమైన నీరు. దానికి వేరే ట్యాంకు ఉంటుంది, అక్కడి నుంచి పొగగొట్టంలోకే చిమ్ముతుంది. పత్రికను నమ్మి ఎవరైనా దాన్ని డీజిల్ ట్యాంకులో పోస్తే ట్యాంకు నుంచి పంపు, ఇంజెక్టర్ల దాకా మొత్తం వ్యవస్థ పాడవుతుంది. అచ్చుకు పోయే ముందు ఒక్క మెకానిక్‌కు చూపించి ఉంటే ఈ తప్పు దొర్లేది కాదు. ఒకప్పుడు ఈ పేజీ చదివి బండి పని నేర్చుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ని కాబట్టి బాధ మరింత ఎక్కువగా ఉంది.

మిగిలిన తప్పుల సంగతి మీ ఇష్టం. ఆడ్‌బ్లూ గురించిన సవరణను మాత్రం లోపలి పేజీలో మూలకు కాకుండా, ఆ వ్యాసం వచ్చిన పేజీలోనే, అదే సైజు అక్షరాల్లో, వచ్చే సంచికలోనే వేయండి.

ఇట్లు,
ఒక పికప్ యజమాని